నలభై మిల్లీగ్రాములు

మా పిన్ని ముప్పై ఏళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. వెనకాల అందరూ మిల్లీగ్రామమ్మ అనేవారు. నవ్వినా తూచి నవ్వేది మహాతల్లి. అక్కడే పాఠాలు చెప్పే నన్నూ వదిలేది కాదు. "తడి చేత్తో త్రాసు ముట్టుకున్నావంటే వీపు విమానం మోతే!" అనేది, పిల్లల ముందే.

బాబాయి చనిపోయిన వారంలోనే ఆయన దువ్వెనకు చిక్కుకున్న వెంట్రుకలు తెచ్చి గాజు బుడ్డిలో వేసింది. బర్నరు మంటలో మూతి కరిగించి మూసేసింది. కిటికీ దగ్గర ఎండలో భూతద్దం పట్టి, లోపలి వెంట్రుకల్ని కాల్చింది. పొగ కమ్మింది, కాసేపటికి గోధుమరంగు మరకై గాజుకు అంటుకుంది. కాల్చక ముందు ఎంత బరువో, తర్వాతా అంతే.

"చూశావటే? కాలాడు గానీ ఎక్కడికీ పోలేదు" అంది.

మూసిన పాత్రలో ఏం కాల్చినా మొత్తం బరువు మారదని పాఠం చెప్పేదే నేను, ఏమని కాదంటాను?

పదకొండేళ్లు, రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే బుడ్డిని మెత్తటి గుడ్డతో తుడిచి తూచేది. అంకె మారేది కాదు. రిటైరయ్యాక మా ఇంటికి వచ్చెయ్యమన్నాను, కానీ ఆ బుడ్డి మాత్రం నా గడప తొక్కకూడదన్నాను. ఆఖరి రోజున పగలగొట్టి వచ్చేస్తానని మాటిచ్చింది.

ఆ రోజు నేను వెళ్లేసరికి బుడ్డి త్రాసులోనే ఉంది. నలభై మిల్లీగ్రాములు ఎక్కువ చూపిస్తోంది. తుడిచాను, త్రాసు సరిచూశాను. మళ్లీ అంతే. మూసిన బుడ్డి బరువు పెరగడమేమిటి? మూతి దగ్గర చూస్తే గాజు కొత్తగా కరిగించి అతికినట్టుంది.

"తెరిచావా పిన్నీ?"

"ఎలాగూ వదిలెయ్యాలిగా అని నిన్న ఆకురాయితో గీశానే. బయటికి పోతాడనుకున్నా. బుస్సుమని లోపలికే లాక్కున్నాడు. నా మొహం దానికి ఆనే ఉంది."

"లోపల గాలి తక్కువై ఉంటుంది. బయటి గాలి దూరింది, అంతే" అన్నాను. నిజమే చెప్పాను, అయినా భయమేసింది.

"బయటి గాలి కాదే, నా ఊపిరి. వెంటనే మూతి మూసేశా."

"పిచ్చి మాటలు కట్టిపెట్టి పగలగొట్టు. ఆటో ఎదురుచూస్తోంది."

పిన్ని బుడ్డిని రెండు చేతుల్లోకి తీసుకుని నన్ను జాలిగా చూసింది.

"ఆయనొక్కడే ఉన్నప్పుడు ఇచ్చిన మాటే అది. ఇప్పుడెలా పగలగొట్టమంటావు? నేనూ ఉన్నానుగా లోపల. నువ్వు వెళ్లవే."