ఒక్క రాయి మాట నమ్మని ఈశ్వరి

నేను బేల్దారి మేస్త్రీని, పేరు జాకబ్. శింగనమల చుట్టుపక్కల పల్లెల్లో నేను లేపిన గోడలు చాలానే ఉన్నాయి, ఒక్కటీ బీట పట్టలేదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే వచ్చి చూసుకోవచ్చు. నాకున్న జబ్బల్లా ఒక్కటే. స్థలం ఎవరిదో తేలకుండా పునాది తవ్వమంటే ఒళ్లు మండుతుంది. గోడ వంకరపోతే పడగొట్టి మళ్లీ కడతాను, హద్దు వంకరపోతే మనవళ్ల దాకా కోర్టు మెట్లే గతి. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, దానికి ముందు చేను కొలిపించి చూడమని కూడా అని ఉంటే ఎన్ని కొంపలు బాగుపడేవో.

సర్వేయర్ ఈశ్వరి గురించి చెప్పాలంటే హనుమంతమ్మక్క బోరు దగ్గర మొదలుపెట్టాలి. అక్క మొగుడు శివప్ప పోయి చాలా ఏళ్లయింది. ఆమెకు మిగిలింది రోడ్డు పక్కన చేను, చేలో చీనీ బత్తాయి తోట, తోటను బతికించే బోరు. మా సీమలో బోరు వేయడమంటే జూదమాడటమే. చుట్టుపక్కల బోర్లన్నీ దుమ్ము కక్కితే శివప్ప వేసింది మాత్రం నీళ్లు పోసింది, నడి ఎండాకాలంలోనూ నిలిచింది. బోరుకు తూర్పున, నాలుగడుగుల దూరంలో, పసుపు దట్టంగా పూసిన గంగమ్మ రాయి ఉంటుంది. అక్క దానికి మొక్కకుండా మోటరు వేయదు. బోరు పక్కనే రెండు గదుల ఇల్లు కట్టుకుంటానని నన్ను పిలిచింది.

పునాదికి ముగ్గు పోస్తుంటే పడమటి చేను వీరప్ప వచ్చి సరిగ్గా ఆ ముగ్గు మీదే నిలబడ్డాడు.

"ఏమప్పా జాకబూ, ఎవురి చేన్లో పోస్తాండావు ముగ్గు?"

"తొక్కేసి అడుగుతాండావే అన్నా! హనుమంతక్క చేన్లో."

"గంగమ్మ రాయి యాడుండాదో ఆడికే మా హద్దు. మొన్న మనిషిని పిలిపించి కొలిపించినా. బోరు నా దాంట్లోకి వచ్చింది. ఆయమ్మను గంగమ్మకు అవతల కట్టుకోమను."

అక్క చేతిలోని బిందె అట్లే కిందికి దించింది. బోరు పోతే తోట పోతుంది. తోట పోతే ఆ వయసులో ఆమె కూలికి పోవాలి.

ఇంత రగడకు కారణం చిన్నదే. నిరుడు వీరప్ప తన చేను చదును చేయించుకుంటూ మధ్యనున్న గట్టును జేసీబీతో తీసేయించాడు. అక్కను అడిగే తీయించాడు, ఆమె సరేనంది. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట టేపు పట్టుకుని తిరిగే ఒకాయన వచ్చి కొలిచాడు. మూలరాయి ఎక్కడా కనబడలేదు. అక్క లేని పూట చూసి గంగమ్మ తల మీద పసుపు గీకితే సర్వే రాళ్ల మీద చెక్కే గుర్తు బయటపడింది. ఆయన ఎగిరి గంతేసి అదే మూల అన్నాడు. దాన్ని మూల చేసుకుని గీత లాగితే బోరు వీరప్ప వైపుకు రాక ఎక్కడికి పోతుంది?

వీరప్ప దుర్మార్గుడేమీ కాదు. ఉన్న చేను తాకట్టు పెట్టి బోర్లు వేసీ వేసీ దుమ్ము తప్ప మరేమీ చూడనివాడు. అలాంటి మనిషికి నీ చేలో నీళ్లున్నాయని ఎవడైనా చెబితే చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆ పూట అతని మీద నాకు చెడ్డ కోపమొచ్చింది.

గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టాం గానీ వంతు వచ్చేలోపు గొడవ ముదిరేలా ఉంది. "నువ్వే ఎవురినన్నా మంచోళ్లను చూడు జాకబూ" అంది అక్క. గోడ కట్టేవాణ్ణి కొలిచేవాళ్లను వెతకమంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఫోన్లో ఒకడు "మీకు ఎంత రావాలో చెప్పండి" అన్నాడు. కొలవకముందే ఎంత రావాలని అడిగేవాడు కొలిచేది చేను కాదు, మన ఆశను. ఇంకొకడు ఫోటోలు పంపితే చాలు, ఇంట్లో కూర్చుని పటం గీసిస్తానన్నాడు. ఆ రెండో ఫోను పెట్టేసి తిట్టుకుంటూ కూర్చుంటే మా ఆవిడ జాయ్ అందుకుంది.

"ఊరికే అరిస్తే ఏమొస్తాది? అనంతపురంలో కట్టిన పిల్లర్లు పడగొట్టించిన మేడం గురించి నువ్వే గదా చెప్పినావు. ఆయమ్మను అడగరాదా?"

నిజమే. బైపాస్ పక్కన ఒక అపార్ట్‌మెంట్ పనిలో నేను కూలికి ఉన్నప్పుడు కాంట్రాక్టరు తొందరపడి పిల్లర్లు లేపేశాడు. ఈశ్వరి వచ్చి కొలిచి, పక్క స్థలంలోకి మూరెడు పోయావంది. కాంట్రాక్టరు సర్దుకోమన్నాడు, బతిమాలాడు, చివరికి బెదిరించాడు. ఆమె కొలిచే మిషన్ను పెట్టెలో పెట్టుకుని, "నువ్వు సర్దుకోవచ్చు, భూమి సర్దుకోదు" అని స్కూటరెక్కింది. మరుసటి వారం పిల్లర్లు పడ్డాయి. కూల్చిన కూలీల్లో నేనూ ఉన్నాను, కూల్చే పని అంత సంతోషంగా ఎప్పుడూ చేయలేదు.

ఈశ్వరిది తనకల్లు. వాళ్ల నాయన గొర్రెలు మేపేవాడు. గొర్రె ఎవరి చేలో మూతి పెట్టినా తిట్లు ఆయనకే. "హద్దు యాడుండాదో తెలిస్తే గదా గొర్రెను ఆపేది" అని ఆయన వాపోయేవాడట. ఆ మాట పట్టుకునే సర్వే పనిలోకి వచ్చానంటుంది ఈశ్వరి. సివిల్ డిప్లొమా చదివి, గాలిమరలు నిలబెట్టే కంపెనీలో చేరి కొండలన్నీ ఎక్కి దిగింది. ఆ తర్వాత లైసెన్సు తెచ్చుకుని సొంతంగా మొదలుపెట్టింది. మొదట్లో పల్లెల్లో "సర్వేయర్ ఇంకా రాలేదామ్మా?" అని ఆమెనే అడిగేవారు. "నీ ఎదురుగానే ఉండా, రాళ్లు యాడుండాయో చూపియ్యి" అనేది. ఇప్పుడు ఎవరూ అడగరు.

ఫోన్ చేస్తే ఆమె అడిగిన మొదటి మాట, "పక్క చేనాయన వస్తాడా?"

"రాకుంటే?"

"నేనూ రాను. ఆయన కండ్ల ముందర కొలవంది ఆయన ఏంటికి నమ్మల్ల?"

వీరప్పను ఒప్పించడానికి నేను కొంచెం గడ్డం పట్టుకోవాల్సి వచ్చింది. చెప్పిన పొద్దుకు ఈశ్వరి స్కూటర్ మీద దిగింది. హనుమంతమ్మక్క చెంబుతో బోరు నీళ్లు తెస్తే తాగలేదు. వీరప్ప కాఫీ తెప్పిస్తానన్నా వద్దంది. తన నీళ్ల బాటిల్ చూపించి, "పని అయినాంక ఇద్దరివీ తాగుతా" అంది. అది ఆమె పద్ధతి.

గంగమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "అవ్వా, తల మీద పసుపు రవంత తుడిచి చూడొచ్చా?" అని అడిగింది.

"వద్దు తల్లీ! ముట్టుకోవద్దు!" అక్క రాయికి అడ్డంగా వచ్చి నిలబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ వాలకం. ఏదో దాస్తోందని నాకు అప్పుడే అనుమానం తగిలింది. వీరప్ప మీసం దువ్వుకున్నాడు.

ఈశ్వరి నొచ్చుకోలేదు. "సరేలే అవ్వా, దీంతో పని లేదు. ఒక్క రాయి చెప్తే అది చాడీ. మూడు రాళ్లు చెప్తే సాక్ష్యం. మిగతా రాళ్లు వెతుకుదాం పాండి."

సర్వే పటం చేతబట్టుకుని ఎండలో మమ్మల్ని నడిపించింది. ఒక రాయి కంపచెట్టు లోపల దొరికింది, నా చొక్కా చిరిగింది. ఇంకొకటి వంక గట్టున సగం పూడిపోయి ఉంది. మూడోది ఊరి పొలిమేరలో నిటారుగా ఉంది. ప్రతి రాయి దగ్గరా మిషన్ పెట్టి, ఒకదానికీ ఒకదానికీ దూరం పటంతో సరిపోయిందాకా కదల్లేదు. సరిపోయినప్పుడల్లా వీరప్పను పిలిచి చూపించింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పాత గట్టు ఉండిన చోట నేల మీద సున్నంతో గుర్తు పెట్టింది. బోరు దానికి బాగా తూర్పున, అక్క చేలోనే ఉంది.

"మూల ఇది" అంది.

వీరప్ప భగ్గుమన్నాడు. "ఆడ రాయే లేదు! రాయి ఉండేది గంగమ్మ కాడ. అంటే శివప్ప రాయిని జరిపినాడనే గదా! రాళ్లు జరిపే దొంగకు నేను బోరు ఇడ్సాల్నా?"

దొంగ అన్న మాటకు హనుమంతమ్మక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పిడికిలి బిగించి ముందుకు పోయాను. ఈశ్వరి నన్ను చేత్తోనే ఆపింది.

"పెద్దాయనా, కోపం పక్కన పెట్టి ఒక్కటి ఆలోచించు. దొంగ అనేటోడు హద్దు రాయిని పక్కోడి చేన్లోకి జరుపుతాడు. తన చేను తగ్గేటట్ల తన దాంట్లోకే జరుపుకుంటాడా?"

వీరప్ప గంగమ్మ వైపు, సున్నం గుర్తు వైపు మార్చి మార్చి చూశాడు. ఈశ్వరి గడ్డపార తెచ్చి అతని చేతికే ఇచ్చింది. "నా మాట వద్దు, మిషన్ మాటా వద్దు. నువ్వే తవ్వు."

అతను తవ్వాడు. కొండను తవ్వి ఎలుకను పడతాడా అనుకుంటూ నేను పక్కన నిలబడ్డాను. పైన ఎర్రమట్టి. కాస్త లోతుకు పోగానే గడ్డపార మెత్తగా దిగింది. ఎర్రమట్టి మధ్యలో రాయి మొదలంత చదరంగా ఒక గుంత, దాని నిండా తెల్లని బూడిద రంగు పిండి.

మా వైపు ఆ పిండి ఏమిటో చిన్నపిల్లలు కూడా చెబుతారు. బోరు లారీ భూమిలోని బండను పొడిచి పొడిచి బయటికి చిమ్మేది అదే. ఎండిపోయిన బోర్ల దగ్గర నిలబడి వీరప్ప ముఖం మీద, వెంట్రుకల్లో ఎన్నిసార్లు పడి ఉంటుందో ఆ పిండి. అతను గుంత దగ్గర కూర్చుని చేతిలోకి తీసుకుని వేళ్లతో నలిపాడు.

"బోరు పిండి" అన్నాడు, మాకు కాదు, తనకు తానే. "నా బోర్లన్నీ ఆ కొస మూలన. ఈ పక్క లారీ వచ్చింది శివప్పకు నీళ్లు పడిన దినమే."

అప్పుడు హనుమంతమ్మక్క నేల మీద కూలబడి బావురుమంది.

"ఆ దినమే పీకినాడు. నీళ్లు ఎగిరి పడుతాంటే పిచ్చోడి మాదిరి ఆడినాడు, ఏడ్సినాడు. గంగమ్మకు రాయి కావాల, మంచి రాయి కావాలని ఉరికి మన చేన్ల నడుమ గెనిమ మీద రాయి పెరికి తెచ్చి నిలబెట్టినాడు. చెక్కిన రాయి ఇంకోటి యాడుండె? గుంత పూడ్సల్ల అంటే చేతికందిన పిండి తెచ్చి పోసినాడు. గవర్మెంటు రాయి పీకినాడని కేసు పెడతారేమో, అమ్మోరిని పెరికి తీసుకపోతే నీళ్లు పోతాయేమోనని ఇన్నేండ్లు నోరు మూసుకుంటి. మా ఆయన దొంగ కాదప్పా!"

దేవతకు మొక్కబోయి తన బోరునే పరాయిపాలు చేయబోయిన శివప్పను తలచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అలాంటి తప్పు చేయగలిగింది నీళ్లకు మొహం వాచిన మా సీమవాళ్లే.

వీరప్ప చేతిలోని పిండిని మళ్లీ గుంతలోకే వదిలాడు. లేచి పంచెకు చేతులు తుడుచుకుని అక్క ముందుకు వచ్చాడు. "దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటాండా. బోరు నీదే. నీళ్లు పడిన దినం నాకూ అంతే పిచ్చి పట్టేది వదినా. నాకు పడలా, అంతే."

ఆ మాటకు నా కోపమంతా దిగిపోయింది.

ఈశ్వరి అక్కడే పటం గీసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది. "నా పటం తీర్పు కాదు. ఇద్దురూ ఒప్పుకున్యారు కాబట్టి అర్జీకి జత చేస్తే మూలకు కొత్త రాయి వేస్తారు. గంగమ్మను ఎవురూ కదిలించరు" అంది. అప్పుడు చెంబెత్తి బోరు నీళ్లు తాగింది. ఆ తర్వాత వీరప్ప ఇంట్లో కాఫీ కూడా.

రాయి వేసే రోజున నేనే ఆమెను మళ్లీ పిలిచాను. సచివాలయం సర్వేయర్ రాయి నిలబెట్టి పోయాడు. వీరప్ప చుట్టూ మట్టి తొక్కి గట్టిపరిచాడు. హనుమంతమ్మక్క పసుపు గిన్నె పట్టుకుని చాలాసేపు దూరంగా నిలబడి, చివరికి ధైర్యం చేసి అడిగింది.

"తల్లీ, దీనికి పసుపు పూయొచ్చా?"

"ఎంతైనా పూయవ్వా" అంది ఈశ్వరి. "పెరకొద్దు, అంతే."

అక్క పసుపు పూసింది. నేను పునాదికి దారం లాగాను, రెండో కొస వీరప్ప పట్టుకున్నాడు.