ఆగయ్య బాయి నీళ్ళు

గట్టమ్మకు తొలి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే చాటలో పడుకోబెట్టి, ఐదిళ్ళలో బిచ్చమెత్తి, ఆ గింజలతో కాచిన గంజి తాగింది. అందుకే వాడు బిక్షం అయ్యాడు. బచ్చన్నపేట దిక్కు నల్లబండపల్లిలో వాళ్ళది వడ్డెర ఇల్లు. తండ్రి ఆగయ్య బావులు తవ్వేవాడు. సమ్మెట దెబ్బకు బండ పలికే తీరును బట్టి అడుగున నీళ్ళున్నాయో లేవో చెప్తాడని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు.

బిక్షం జనగామలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. అరవై తొమ్మిదిలో పీయూసీ పరీక్షలు రాయాల్సిన వేళకు తెలంగాణ లొల్లి మొదలై కాలేజీ మూతపడింది. నాలుగు రోజులు ఊరేగింపుల్లో తిరిగి, గొంతు పోగొట్టుకుని, పుస్తకాల సంచీతో ఇంటికొచ్చాడు.

"లొల్లి ఎప్పుడు సల్లవడ్తదో ఏమో. ఊకె కూసుంటె ఒళ్ళు మొద్దుబారుతది. గడ్డపార పట్టు" అన్నాడు ఆగయ్య.

ఆ ఏడాదంతా తండ్రి వెంట బావుల్లో దిగాడు. అరచేతులు బొబ్బలెక్కి, చితికి, గట్టిపడ్డాయి. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, మొరం కింద మెత్తటి పొరబండ, ఆ కింద సమ్మెటను ఎగరగొట్టే నీలిబండ. ఒక్కో పొర దగ్గర తండ్రి ఊపిరి ఎలా మారుతుందో కూడా వాడికి తెలిసిపోయింది. కాలేజీలు తెరిచాక తిరిగి చదువుకు పోయాడు గానీ, సెలవులొస్తే మళ్ళీ తండ్రి పక్కనే.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఎండాకాలానికి నల్లబండపల్లి మంచినీళ్ళ బావి అడుగున తడి కూడా మిగల్లేదు. ఆడవాళ్ళు రెండు కోసుల దూరం పోయి వాగు ఇసుకలో తీసిన చెలిమల్లో గిన్నెలతో నీళ్ళు తోడుకొచ్చేవాళ్ళు. ఊరంతా ఆగయ్య గుమ్మం ముందుకొచ్చింది. బావిలోకి దిగి, నీలిబండ మీద చెవి ఆనించి, చాలాసేపు సమ్మెటతో తట్టి చూసి పైకొచ్చి, "ఇంకో నాలుగు గజాలు పోవాలె. పోతె దొరుకుతది" అన్నాడాయన.

డిగ్రీ పరీక్షలు రాసి వచ్చిన బిక్షం బండకు తూట్లు కొట్టాడు. పేలుడు మందు దట్టి, వత్తి అంటించి, తాడు పట్టుకుని పైకి ఎగబాకేది వాడే. పంతొమ్మిది రోజులు చిప్పలు చిప్పలుగా బండ ఎత్తిపోశారు. ఇరవయ్యో రోజు పొద్దున పగులులోంచి బొటనవేలు లావు ధార చిమ్మింది. ఆగయ్య దోసిలి పట్టి తాగి, కొడుకు వైపు తిరిగి నవ్వాడు. "కొబ్బరినీళ్ళురా!" అని మాత్రం అనగలిగాడు.

ఊరి పెద్ద హన్మంత్ పటేల్ తన చేతుల్తో ఆయన తలకు రుమాలు చుట్టాడు. ఆనాటి నుంచి అది ఆగయ్య బాయి. పక్క ఊళ్ళో పెళ్ళయితే వంటకు ఆ నీళ్ళే తీసుకుపోయేవాళ్ళు. పప్పు తొందరగా ఉడుకుతుందని, చాయ రుచిగా ఉంటుందని చెప్పుకునేవాళ్ళు.

మూడేళ్ళ తర్వాత హన్మకొండలో తాగునీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో బిక్షంకు ఉద్యోగం దొరికింది. జీపులో మానుకోట దిక్కు, ఘనపూర్ దిక్కు, టేకుమట్ల దాకా పోయి, బావుల నుంచి, బోరింగుల నుంచి నీళ్ళు పట్టుకురావడం, ల్యాబులో గాజు గొట్టాల ముందు నిలబడి అందులో ఏముందో తేల్చడం పని. ఉప్పెంత, సున్నమెంత, ఫ్లోరైడ్ ఎంత. ఫ్లోరైడ్ పరీక్ష కళ్ళతో చేసేది. నీళ్ళలో ఎర్రటి మందు కలిపితే, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత వెలిసి పసుపుకు తిరుగుతుంది. కొలత తెలిసిన గొట్టాల పక్కన దాన్ని పెట్టి, దేనికి సరిపోతుందో చూడాలి. బిక్షం కన్ను తప్పదని పైఅధికారి లక్ష్మీకాంత్ సార్‌కు నమ్మకం.

ఆ పని వాడికి నచ్చింది. కాగితం మీద 'త్రాగుటకు పనికిరాదు' అని రాసి సంతకం పెట్టేటప్పుడు మొదట్లో చెయ్యి ఆగేది. నాలుగైదేళ్ళకు ఆగడం మానేసింది. కాగితం టపాలో పోతుంది, ఆ తర్వాత ఊళ్ళో ఏమవుతుందో ల్యాబు చూడదు. తెల్లారితే ఇంకో పది క్యాన్లు బల్ల మీద ఉంటాయి.

ఎనభై మూడు మాఘమాసంలో అలా వచ్చిన క్యాన్లలో ఒకదాని చీటీ చదివి బిక్షం కుర్చీలో కూర్చుండిపోయాడు. 'నల్లబండపల్లి. ఆగయ్య బాయి.' బచ్చన్నపేట దవాఖాన డాక్టరు బడిపిల్లల పళ్ళు చూసి, అనుమానంతో పంపిన నీళ్ళు అవి.

మందు కలిపాడు. ఎరుపు నిలవలేదు. కళ్ళ ముందే వెలిసిపోయి గడ్డి రంగుకు తిరిగింది. కొలత చూస్తే లీటరుకు ఐదు మిల్లీగ్రాములకు కొంచెం తక్కువ. ఒకటిన్నర దాటితేనే వద్దని రాసేవాడు తను. గొట్టాలు కడిగి మళ్ళీ చేశాడు. కొత్త మందు తీసి మూడోసారి చేశాడు.

లక్ష్మీకాంత్ సార్ వెనక నుంచి వచ్చి చీటీ చూశాడు. "మీ ఊరే కదయ్యా?"

"ఔ సార్. మా నాయిన తవ్విన బాయి."

ఆయన కోటు చేతులు పైకి మడిచి తానే పరీక్ష చేశాడు. అదే అంకె వచ్చింది. "రిపోర్టు టపాల పోతది. నువ్వు పోయి చెప్పాలని ఏం లేదు" అన్నాడు మెల్లగా.

బస్సులో కూర్చున్నాక బిక్షంకు ఒక్కొక్కటీ కళ్ళముందుకొచ్చాయి. రెండేళ్ళుగా అవ్వ గట్టమ్మ కింద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేకపోతోంది. నాయిన మెడ తిప్పలేడు, ఎవరన్నా పిలిస్తే నిలువునా తిరుగుతాడు. రాళ్ళు కొట్టిన ఒళ్ళు, అరిగిపోయిందనుకున్నాడు. బండపని చేసే మనిషి ఎండాకాలం రోజుకు కుండెడు నీళ్ళు తాగుతాడు. ఆ లెక్క ల్యాబులో ఉండే తనకు ఏడేళ్ళుగా ఎందుకు తట్టలేదు? తూట్లు కొట్టిన చేతుల వైపు చూసుకున్నాడు.

ఇంటికి పోయేసరికి ఆగయ్య వాకిట్లో సమ్మెటకు పిడిగా కొత్త కామ వేస్తున్నాడు. బిక్షం పక్కన కూర్చున్నాడు గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

తిడతాడనుకున్నాడు. ఆగయ్య కామ పక్కన పెట్టి, నిలువునా కొడుకు వైపు తిరిగాడు.

"నీళ్ళల్ల ఇసం ఉన్నదంటవా?"

"ఇసం కాదు నాయినా. బండలకెళ్ళి వచ్చే ఒక తీరు ఉప్పు. జరంత ఉంటె ఏం గాదు. మనదాంట్ల శాన ఉన్నది. పిల్లల పండ్లు ఎర్రగైతయి, పెద్దోళ్ళకు బొక్కలు బిగుసుకపోతయి."

"కాచి తాగితె పోదా?"

"పోదు. కాచినకొద్ది ఇంకింత చిక్కవడ్తది."

ఆగయ్య వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "కరువుకు ముందుగాల పైనీళ్ళు తాగినప్పుడు మా తరమోళ్ళకు ఎవ్వలికి పండ్లు గిట్ల లెవ్వు. అంటె గా నీలిబండ కింది నీళ్ళే. మనం పలగ్గొట్టిందే" అన్నాడు.

లోపల గట్టమ్మ గోడ పట్టుకుని లేస్తున్న అలికిడి వినిపించింది.

మర్నాడు పొద్దున బావి దగ్గర బిక్షం ఆడవాళ్ళకు చెప్పబోయాడు. బిందె నింపుకుంటున్న సరోజన మాట పూర్తి కానివ్వలేదు. వరసకు వాడికి వదిన.

"ఏంది మరిదీ, మీ నాయిన తవ్విన బాయిని నువ్వే బద్నాం చేస్తవా? ఊరు సచ్చిపోతుంటె బతికించిన నీళ్ళివి. సదువుకున్నోళ్ళు అచ్చి వద్దని చెప్పిపోతరు. మరి ఏ నీళ్ళు తాగాల్నో జెప్పు!"

బిక్షం ఏడేళ్ళలో ఎన్ని ఊళ్ళకు వద్దని రాశాడో లెక్కలేదు. ఏవి తాగాలో ఒక్క ఊరికీ రాయలేదు. సరోజన వెనక నిలబడ్డ ఆమె చిన్నకొడుకు పళ్ళ మీద ఎర్రటి చారలు కనిపిస్తున్నాయి.

ఇంటికొచ్చి తండ్రికి చెప్పాడు. ఆగయ్య చెప్పులేసుకున్నాడు. "క్యాన్లు తెచ్చినవా? నడువు. ఈ ఊళ్ళె బాయిలన్ని నాకెర్కే."

రెండు రోజులు తండ్రీకొడుకులు ఊరి బావులన్నీ తిరిగారు. ఆగయ్య గట్టు మీద నిలబడి, ఏది ఏ ఏడు తవ్విందో, ఎన్ని గజాల్లో ఏ బండ తగిలిందో, ఊట ఏ పక్క నుంచి వస్తుందో చెప్తుంటే బిక్షం రాసుకున్నాడు. కాలేజీలో ఏ పుస్తకంలోనూ అంత వివరం చదవలేదు. పదకొండు క్యాన్లు సంచుల్లో కట్టుకుని బస్సెక్కాడు.

ల్యాబులో అన్నీ వరుసగా పెట్టి చేస్తే, తండ్రి చెప్పినట్టే వచ్చింది. నీలిబండ దాటిన ప్రతి బావిలో ఎరుపు వెలిసింది. మొరంలో ఆగిన బావుల్లో నిలిచింది. అన్నిటికంటే మంచివి చెరువు కట్ట కిందున్న చాకలి బాయి నీళ్ళు. లోతు లేదు, చెరువు ఊటే దానికి ఆధారం. పూడిపోయి, నాచు పట్టి, బట్టలుతకడానికి తప్ప ఎవరూ దిగని బావి అది.

బిక్షం తిరిగొచ్చి ఆ సంగతి చెప్పగానే ఊరు నవ్వింది. చాకలి బాయి నీళ్ళు తాగాలా? హన్మంత్ పటేల్ గొంతు సవరించుకుని, "ఆగయ్యా, నీ పేరు మీదున్న బాయి గది. జర సోంచాయించు" అని, మళ్ళీ ఆలోచించుకొమ్మన్నాడు.

"సోంచాయించిన పటేలా. పేరు నాకెందుకు" అన్నాడు ఆగయ్య.

అరవై దాటిన మనిషి, మెడ వంగని మనిషి, తట్ట పట్టుకుని చాకలి బాయిలో దిగాడు. మొదటి రోజు ఆయనొక్కడే. రెండో రోజు బిక్షం సెలవు పెట్టి దిగాడు. నాలుగో రోజుకు వడ్డెర వాడంతా వచ్చింది. పూడిక తీసి, చుట్టూ రాతి కట్టడం లేపి, పక్కన వేరే రేవు కట్టించి ఉతుకుడు అక్కడికి మార్చారు. బిక్షం బ్లీచింగ్ పొడి కలిపి, క్రిములు లేవని తేలేదాకా మూడుసార్లు పరీక్ష చేశాడు.

అయినా ఆడవాళ్ళు పాత బావికే పోయారు. చాకలి బాయి నీళ్ళు చప్పగా ఉన్నాయి, మందు వాసనొస్తున్నాయి అన్నారు. అప్పుడు ఆగయ్య రోజూ పొద్దున్నే పోయి తన బావి గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరినీ ఆపలేదు. బిందె వంచేవాళ్ళతో, "బోళ్ళు తోముకోనీకి తీస్కపోండ్రి బిడ్డా. తాగనీకి వద్దు. పోరగాండ్లకు అసలే వద్దు. నేను తవ్విన, నేనే చెప్తున్న" అనేవాడు. ఎండలో, మంచులో అదే మాట. కొందరు తిట్టారు. కొందరు వినీ విననట్టు తోడుకుపోయారు. నెల తిరిగేసరికి సరోజన మొదటిసారి చాకలి బాయి దిక్కు బిందె తిప్పింది. ఆమె పోయాక ఇంకో నలుగురు పోయారు.

అందరికంటే మొండికేసింది గట్టమ్మ. "గా చప్పటి నీళ్ళు నా గొంతు దిగయి" అని మొగుడు లేనప్పుడు పాత నీళ్ళే తెప్పించుకునేది. ఒకరోజు ఆ సంగతి తెలిసి ఆగయ్య కుండలో నీళ్ళు పారబోసి, తానే పోయి కొత్తవి మోసుకొచ్చి, ఆమె పక్కన కూర్చుని, తాగేదాకా లేవలేదు. ఆమె మోకాళ్ళు మాత్రం మళ్ళీ సాగలేదు. బిగిసిన ఎముక తిరిగి వదలదని బిక్షంకు తెలుసు. ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

నల్లబండపల్లి బావుల పట్టిక చూసి లక్ష్మీకాంత్ సార్ లోతుల వరుస మీద వేలు పెట్టాడు. "ఈ లోతులన్ని ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాడు. విని, తర్వాతి వారం బచ్చన్నపేట దిక్కు పోయే జీపులో ఆగయ్యకు కూడా చోటు చేశాడు. అలా రెండు ఎండాకాలాలు తండ్రీకొడుకులు ఊళ్ళు తిరిగారు. ఆగయ్య ముందు సీట్లో, కిటికీ వైపుకు ఒళ్ళంతా తిప్పుకుని కూర్చునేవాడు. ఊరు రాగానే బావులు తవ్విన మనిషిని వెతికి పట్టుకుని, బీడీ ఇచ్చి, బండల సంగతి మాట్లాడేవాడు. బిక్షం రిపోర్టులో పనికిరాదన్న మాట కింద, ఏ బావి పనికొస్తుందో కూడా రాసేవాడు. ఫారంలో దానికి గడి లేదు. వెనక వైపు రాసేవాడు. అన్ని ఊళ్ళకూ మంచి బావి దొరకలేదు. దొరకని ఊళ్ళ కాగితాల వెనక ఖాళీగా ఉండేది. వాటిని టపాలో వేసేటప్పుడు వాడి చెయ్యి మళ్ళీ ఆగడం మొదలైంది.

ఎనభై ఆరు చలికాలంలో ఆగయ్య పోయాడు. మంచంలో పక్కకు ఒరగలేక, కప్పు వైపే చూస్తూ పోయాడు. దినాలకు వచ్చిన హన్మంత్ పటేల్ బావి గురించి ఒక్క మాటా ఎత్తలేదు. సరోజన మాత్రం పెద్దబిడ్డకు పుట్టిన మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పిల్లకు అప్పుడే కింద రెండు పళ్ళు వచ్చాయి. "చూడు మరిదీ" అంటూ వేలితో పెదవి జరిపి చూపించింది. పాలపళ్ళు చూసి ఇప్పుడే ఏమీ చెప్పలేమని, అవి ఊడి శాశ్వత పళ్ళు వచ్చేదాకా ఏడెనిమిదేళ్ళు ఆగాలని బిక్షంకు తెలుసు. అయినా వంగి శ్రద్ధగా చూసి, "మంచిగున్నయి వదినా" అన్నాడు.