పిన్ని వద్దన్న పదవి

మా పిన్నికి ఏదైనా ఇస్తే మొదట వద్దంటుంది. మళ్లీ ఇస్తే అయ్యో, ఎందుకంటుంది. మూడోసారి బతిమాలితే గానీ పుచ్చుకోదు. అది మా ఇంటి మర్యాద. మంచినీళ్లకు కూడా ఇదే తంతు!

పిన్ని ఒక పెద్ద హోటల్లో కుట్టుగదిలో పని చేస్తుంది. చిరిగిన దుప్పట్లు, ఊడిన కర్టెన్ కొక్కేలు, వెయిటర్ల చొక్కా గుండీలు అన్నీ ఆమె చేతికే వస్తాయి. పక్క బల్ల మీద ఇస్త్రీ నాది. ఆ గదికి ఒక పెద్దను వేస్తారని తెలిసిన రోజు నుంచి పిన్నికి కంటి మీద కునుకు లేదు. ఆ పదవంటే ఆమెకు అంత ఆశ. కొత్త మేనేజరుకేమో ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదు. అందుకని మిషను తొక్కుతూనే, మనసులో మాట బయటపెట్టే ఇంగ్లీషు మాటలు వల్లించింది. ఇష్టమైతే ‘ఐ వుడ్ లవ్ టు’. చేసి తీరతానంటే ‘ఐ యామ్ గోయింగ్ టు డూ ఇట్’. నొప్పించకుండా వద్దనాలంటే ‘ఐ వుడ్ రాదర్ నాట్’. నేను మేనేజరు వేషం వేసి ప్రశ్నలడిగేదాన్ని. నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే అనుకోండి.

మేనేజరు రానే వచ్చాడు. ఈ గది బాధ్యత తీసుకుంటారా అని నేరుగా పిన్నినే అడిగాడు. నా గుండె గంతులేసింది! పిన్ని తల వంచుకుని, ఒక్క తప్పు లేకుండా అంది.

“ఐ వుడ్ రాదర్ నాట్.”

అలవాట్లో పొరపాటంటే ఇదే. ఆయన “ఓకే” అని బయటికి నడిచాడు.

“అదేంటి పిన్నీ, వద్దన్నావేంటి?”

“అడగ్గానే సరేనంటే ఆశపోతుననుకోడూ? ఇంకోసారి అడుగుతాడు చూడు.”

“అడగడు పిన్నీ! ఇంకొకళ్లని అడగడానికే వెళ్తున్నాడు!”

పిన్ని ముఖం పాలిపోయింది. మరుక్షణం మెడలో కొలత టేపుతోనే పరుగు తీసింది. వెనకాల నేను. మూసుకుంటున్న లిఫ్టు తలుపులకు చెయ్యి అడ్డం పెట్టేసింది.

“సర్! ఐ వుడ్ లవ్ టు! ఐ యామ్ గోయింగ్ టు డూ ఇట్!”

మేనేజరు బిత్తరపోయాడు. “ఆర్ యు ష్యూర్?” అని, నిజంగానేనా అన్నట్టు చూశాడు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఇంటి మర్యాద ప్రకారం ఇది రెండోసారి అడగడమే. ఇంకో ‘వద్దు’ మిగిలే ఉంది! పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది.

“ఎస్!” అని అరిచింది. బట్టలుతికే గదిలోంచి జనం పరుగెత్తుకొచ్చారు.