పిల్లల వార్డులో గట్టిమేళం

ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ, ఆషాఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోతే మేళగాళ్ల బతుకు ఎంత ఖాళీగా ఉంటుందో ఆ రోజుల్లో మా మేనమామను చూస్తే తెలిసేది. వనపర్తిలో మా ఇంటి అరుగు మీద డోలును ఒళ్లో పెట్టుకుని, దానికేదో జ్వరం తగిలినట్టు మాటిమాటికీ తడిమి చూసేవాడు. నేను ఆయన పక్కన సన్నాయి ఊదేవాణ్ని. (ఊదుతున్నానని నేననుకునేవాణ్ని. మామ మాత్రం "నువ్వు పొయ్యి ఊదినా గింతకన్న మంచిగ మోగుతది" అనేవాడు.) అలాంటి ఒక ఆషాఢంలో పిల్లల డాక్టరు మమ్మల్ని దవాఖానకు పిలిపించాడు. ఆయన చిన్నకూతురి పెళ్లికి వాయించింది మేమే.

"తాళి కట్టేటప్పుడు నా మనుమడు గుక్కపట్టి ఏడ్చిండు. మీ గట్టిమేళంల ఒక్కనికి ఇనబడలే. నా వార్డుల గూడ గట్లనే కావాలె," అన్నాడు.

శుభవేళ ఏడుపులూ తుమ్ములూ చెవిన పడకూడదనే కదా గట్టిమేళం. పురోహితుడు వేలెత్తగానే దంచాలి. ఇక్కడ పురోహితుడి స్థానంలో నర్సమ్మ, తాళి స్థానంలో సూది. ఆమె వేలెత్తేది, మామ దంచేవాడు, పిల్లలు బిత్తరపోయి తేరుకునేలోగా సూది పని అయిపోయేది. తర్వాత ఏడ్చేవాళ్లనుకోండి, అది మామను చూసి. మొత్తానికి ఆ పిల్లలకు రోజూ పెళ్లే.

ఇలా కొన్నాళ్లు గడిచాక, ఒక పొద్దున గద్వాల నుంచి మగ్గం నేసే ఇంటి ఆడమనిషి ఒకామె, చేతులకంటిన రంగు కూడా కడుక్కోకుండా, మూడేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. పిల్లకు నిమ్ము చేసింది. డొక్కలెగరేస్తోంది. రెండు రోజులుగా ఏడవడం కూడా మానేసిందట. డాక్టరు గొట్టాలు చెవులకు తగిలించుకుని ఆ చిన్న ఛాతీ మీదికి వంగాడు. వార్డంతా తల్లుల గుసగుసలు. నిశ్శబ్దంగా ఉండమని ఆయన ఒక వేలు పైకెత్తాడు.

మామ దంచాడు.

ఎన్నేళ్ల అలవాటో! వేలు ఎవరిదని చూసే మనిషి కాదు. డోలు మోగితే ఆగడం నాకూ తెలియదు, అందుకున్నాను. డాక్టరు గొట్టాలు పీకేసి, "ఆపుండ్రి! నేను ఊపిరి ఇంటున్ననా, పెండ్లి చేస్తున్ననా?" అని అరిచాడు. మేం ఆపాక, సన్నగా, పిల్లికూన కూత లాంటిదేదో వినబడింది. పిల్ల ఏడుస్తోంది! తల్లి మమ్మల్ని దేవుళ్లను చూసినట్టు చూసింది. (ఆ దేవుళ్లలో ఒకరు అప్పటికే మంచం వెనక నక్కి ఉన్నారు.)

ఆ ఏడుపు ఎంతోసేపు లేదు. పిల్ల మళ్లీ వాలిపోయింది. డాక్టరు ఈసారి వేలెత్తకుండానే విని, హైదరాబాదు తీసుకుపోవాలన్నాడు. జీపు వచ్చేలోగా తల్లి మామ దగ్గరికొచ్చింది.

"అన్నా, ఇంకొక్కసారి కొట్టవా? నీ డోలుకే గద నా బిడ్డ ఏడ్చింది."

"నేను మందిచ్చెటోన్ని గాదు చెల్లే..."

"కొట్టన్నా. జర కొట్టు."

ఎవరూ వేలెత్తకుండా మామ గట్టిమేళం కొట్టడం అదే మొదలు. నేనూ ఊదాను. ఎన్ని స్వరాలు తప్పానో, మామ తిట్టలేదు. వార్డులో మిగతా పిల్లలందరూ ఏడ్చారు. ఆ పిల్ల ఒక్కతే ఏడవలేదు. జీపు వెళ్లిపోయాక ఇద్దరం వానలో నిలబడ్డాం. డోలు తడుస్తుంటే నా తువ్వాలు తీసి దాని మీద కప్పాను.

ఆ తర్వాత కబురు లేదు. డాక్టరును అడిగితే "నాకూ తెల్వదు" అన్నాడు. రేపటి నుంచి రావొద్దనీ అన్నాడు, మర్యాదగానే. గద్వాలకు పెళ్లి మేళం కుదిరినప్పుడల్లా మామ వీధుల్లో వాకబు చేసేవాడు. పిల్ల పేరు అడగాలని ఆ రోజు మా ఇద్దరు మేధావులకూ తోచలేదు. పేరు లేకుండా ఎవరు చెబుతారు?

ఇప్పుడు మామ లేడు. మేళానికి పెద్దను నేనే. పాలమూరు పెళ్లిళ్లలో ఆ పిల్ల ఈడు ఆడమనిషి ఎవరైనా చెవులు మూసుకుని, "ఏందయ్యా గిది, జర మెల్లగ వాయించరాదా!" అని కసిరితే, ఆ పిల్ల ఈమేనని మనసులో ఖాయం చేసేసుకుంటాను. ఇంతవరకు అలాంటివాళ్లు చాలామందే దొరికారు. అందరి గొంతులూ బ్రహ్మాండంగా ఉన్నాయి.