కళ్ల పరీక్షకు బట్టీ

మా ఆయన బస్సు డ్రైవరు. రోజూ కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి తిప్పేవాడు. రాష్ట్రం ఇంకా వేరుపడని రోజులవి. ఆ దారిలోనే ఉన్న లింగంపేటలో మా ఇంటి అరుగు మీద నేను బీడీలు చుడుతుంటే, ఆయన వాకిట్లో పచార్లు చేస్తూ ఏదో గొణిగేవాడు. జపం మొదలుపెట్టాడు కాబోలు, ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందనుకున్నాను. చెవి పెట్టి వింటే ఇంగ్లిషు అక్షరాలు! కళ్ల డాక్టరు గోడకు తగిలించే బోర్డు మీదివట. పరీక్ష తప్పితే ఉద్యోగం ఊడుతుందని డిపోలో పెద్ద వయసు డ్రైవర్లందరూ బట్టీ పట్టేవారు. చత్వారమే కదా అన్నాడు, నమ్మాను. కొన్నాళ్లకు బడి ముఖం చూడని నేనే ఆయన తప్పులు దిద్దసాగాను.

పరీక్ష రోజు కామారెడ్డికి తోడు వెళ్లాను. డాక్టరు కొత్తాయన. మా ఆయన ఒక కన్ను మూసుకుని అన్ని వరుసలూ గడగడా అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు. గుమ్మం దగ్గర నేను మురిసిపోయాను.

"మంచిగ చెప్పినవ్ డ్రైవర్ సాబ్. కానీ గోడ మీదున్నది తెలుగు బోర్డు," అన్నాడు డాక్టరు.

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు తిట్టలేదు. కూర్చోబెట్టి, కళ్లలోకి లైటు వేసి చూసి, ఎప్పటి నుంచి అని అడిగాడు.

"ఏడాదాయె సార్. అంతా మసక మసక. అద్దాలు పెట్టినా పోలే. గిది రాస్తే నా నౌకరి పోతది."

"పోదు. నౌకరి చేస్తుండంగ ఒంటికి లోపమొస్తే తీసెయ్యొద్దని కానూన్ ఉన్నది. జీతం తగ్గియ్యకుండ వేరే పని ఇయ్యాలె. ఇదివరకు మేం పనికిరాడని రాసి చేతులు దులుపుకునేటోళ్లం, లేకుంటే జాలిపడి అబద్ధం రాసేటోళ్లం. ఇప్పుడు బండి నడపరాదని రాస్త. ఏ పని చెయ్యగలవో గూడ రాస్త."

అలాగే రాశాడు. డిపో వాళ్లు కొన్నాళ్లు తిప్పించుకున్నారు. ఆయన వెంట నేనూ తిరిగాను, ఇద్దరిలో నోరు నాదే కదా. చివరికి పాత జీతానికే కామారెడ్డి బస్టాండులో బస్సుల వేళలు చెప్పే మైకు ముందు కూర్చోబెట్టారు.

మొదటి రోజు పని చూద్దామని వెళ్లాను. సాయంత్రం ఇద్దరం ఎల్లారెడ్డి బస్సెక్కాం. ఆయన కిటికీ పక్కన కాళ్లు చాపుకుని, "ఇగ భయం పోయిందే," అన్నాడు.

"నౌకరి నిలబడ్డదనా?"

"కాదే. ఏడాది సంది స్టీరింగ్ పట్టినప్పుడల్లా ఎవలనన్న గుద్దుతనేమోనని పానం గుబగుబలాడేది."

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఆ ఏడాదంతా మా పిల్లలిద్దరూ ఎల్లారెడ్డి బడికి ఆయన బస్సులోనే వెళ్లారు.