ట్యాంకర్ కోసం పంజాగుట్ట దాకా

ఇందుమూలంగా యావన్మంది కాలనీ సంఘాలకు తెలియజేయునది ఏమనగా, అమీర్‌పేటలో మిర్చిబజ్జీ తినకుండా ఎవరూ సర్కారు మీటింగుకు పోరాదు. ఖాళీ కడుపుతో పోయినవాడు తలూపి తిరిగొస్తాడు.

మా మున్సిపాలిటీని మహానగరంలో కలిపారు. మర్నాటి నుంచే నీళ్ల ట్యాంకర్ బంద్. పాత ఆఫీసువాళ్లు "మీరిప్పుడు సిటీ" అన్నారు, సిటీవాళ్లు "మీ కాగితాలింకా రాలేదు" అన్నారు. బోర్లు ఎండి, తడిగుడ్డ స్నానాలతో బతుకుతున్నాం. అధికారులు పంజాగుట్టలో కాలనీ సంఘాలతో మాట్లాడతారని తెలిసి, ట్యాంకర్ సంగతి తేల్చకుండా ఇంటికి రానని మా ఆవిడ సుజాతకు చెప్పి బయల్దేరాను. వెంట మా సంఘం అధ్యక్షుడు సుబ్బారావు గారు. గుంటూరు మనిషి, ఇస్త్రీ మడత నలగనివ్వరు.

ఎనిమిదింటి బస్సెక్కితే తొమ్మిదికి అమీర్‌పేట. కంప్యూటర్ కోర్సుల పిల్లల సంచుల మధ్య నలిగి దిగాం, ఆయన మడతతో సహా. బజ్జీలు తిని, మనిషికి ఐదు రూపాయల షేర్ ఆటో ఎక్కాం.

"పంజాగుట్టల ఏం పని అన్నా?" అన్నాడు డ్రైవర్.

"మా ఊరు సిటీల కలిసింది భాయ్. నీళ్లు సుత ఇస్తరేమో అడుగుదామని."

"మాది యూసుఫ్‌గూడ. పుట్టినప్పటి సంది సిటీనే. మాకే రోజు విడిచి రోజు వస్తయి. జర గట్టిగ అడుగుండ్రి."

మీటింగులో ఇంజనీరు మేడం సూటిగా చెప్పింది. ట్యాంకర్ ఉంది, పంచే మనుషుల్లేరు. పోయినచోటల్లా బిందెల కొట్లాటే, డ్రైవర్లు రామంటున్నారు.

"మాకు కాస్త టైమిస్తే మేడం గారూ..." అని సుబ్బారావు గారు మొదలుపెట్టారు. నేను లేచాను.

"టైమెందుకు మేడం? మా దగ్గర ఆడవాళ్ల కమిటీ ఉన్నది. పదిమంది. గల్లీకి ఇద్దరు నిలబడి వరుస పెడతరు."

"లీడర్ ఎవరు?"

"సుజాత. మస్తు గట్టి మనిషి."

మేడం పేరు రాసుకుంది. "రేపు పొద్దున ఆరింటికి పంపిస్తా. కొట్లాటైతే అదే ఆఖరు."

ట్యాంకర్ వచ్చింది. బిందెకు బిందె తగల్లేదు. నల్లా పైపులు పడేదాకా ట్యాంకర్ ఆగలేదు కూడా. ఊళ్లను కలపడానికి సర్కారు కాగితం చాలు. నీళ్లు గడపలోకి రావాలంటే మాత్రం వాళ్లొక చెయ్యి, మనమొక చెయ్యి వెయ్యాలి. మీరూ పోయేటట్టైతే తొమ్మిదిన్నరలోపే అమీర్‌పేట దాటండి, తర్వాత పంజాగుట్ట చౌరస్తా కదలదు. ఏం కావాలో చెప్పే ముందు మీరేం చేస్తారో చెప్పండి.

ఇందులో ఒక్కటి మాత్రం పూర్తిగా నా కల్పన. ఆ కమిటీ. మీటింగు రోజు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పేదాకా అలాంటిదొకటుందని లీడర్‌కే తెలియదు.

"ఎంతమందన్నవ్?" అంది సుజాత.

"పది."

చెప్పులేసుకుని గల్లీలోకి దిగుతూ వెనక్కి చూసింది.

"ఈసారి అబద్ధమాడితే ఐదుగురని చెప్పు."