ఎడమచేతి కత్తిపీటతో రాజుపాలెం కొలిమికి

నేను జర్మనీలో పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. అక్కడి వంటింటి సామాన్ల గట్టిదనాన్ని ఇదే బ్లాగులో మూడుసార్లు పొగిడాను. ఎడమచేతి వాటం వాళ్ళకు విడిగా కత్తులు చేస్తారని తెగ మురిసిపోతూ రాశాను. కానీ నేను కూరలు తరిగేది మాత్రం ఇక్కడినుంచి వెళ్ళేముందు రాజుపాలెంలో చేయించుకున్న కత్తిపీట మీదే. ఈమధ్య దాని కత్తి ఊగడం మొదలెట్టింది. జర్మనీలో సానబట్టే దుకాణాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చేసినవాడి ముద్ర ఏదని అడిగాడు. లేదన్నాను. పోనీ పేరేమిటన్నాడు. అదీ తెలియదన్నాను. ఆ సిగ్గుతోనే ఈసారి సెలవుల్లో దాన్ని పెట్టెలో పెట్టుకుని వచ్చాను.

నరసరావుపేటలో పొద్దున ఏడింటికి సత్తెనపల్లి బస్సెక్కాను. అక్కడ దిగి పిడుగురాళ్ళ వైపు వెళ్ళే బస్సు పట్టుకుంటే దారిలోనే రాజుపాలెం. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే టికెట్టు లేదు. నేను ఇంట్లో మర్చిపోయాను కాబట్టి రెండింటికీ కలిపి వంద లోపు అయింది. సెంటర్లో టీ కొట్టాయన్ని కొలిమి ఎక్కడని అడిగితే, ఎదురు షాపులో ప్లాస్టిక్ పిడి కత్తులున్నాయి, విరిగితే పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చని సలహా ఇచ్చి, ఆ తర్వాత దారి చెప్పాడు. నాకు అక్కడే ఒళ్ళు మండింది.

కొలిమి చల్లగా ఉంది. గడపలో కూర్చున్న డెబ్బయ్యేళ్ళ పెద్దాయన పేరు బ్రహ్మయ్య. నేనెవరో చెప్పకముందే కత్తిపీట లాక్కుని, కత్తి ఏ పక్క నూరి ఉందో బొటనవేలితో తడిమాడు.

"ఎడంచేతి అమ్మాయివి కదూ. నిన్ను కింద కూర్చోబెట్టి, మోకాలు కొలిచి వంచా దీన్ని," అన్నాడు.

ఎవరికి చేసినా అంతేనట. వాడే మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటే తప్ప కత్తి వంచడు. ఉబ్బిపోయిన పీట చూశాక ఆయన మొహం మారిపోయింది. ఏం చేశావని అడిగితే గిన్నెలు కడిగే మిషన్లో పెట్టానని ఒప్పుకున్నాను. ఇక తిట్టాడు చూడండి! తడిగుడ్డ పెట్టి తుడవడానికి చేతులు పడిపోయాయా అన్నాడు. తిడుతూనే కత్తి ఊడదీసి, చెక్క సరిచేసి, కొత్త చీల దిగ్గొట్టాడు. గంటలో కదలకుండా బిగిసింది.

అప్పుడు చూశాను. ఇనుము పెట్టి కొట్టే దాగలిని పెకలించి గోడ పక్కకు జరిపారు. శనివారం పాత ఇనుము వాళ్ళు వచ్చి పట్టుకుపోతారట. నెలకి రెండు కొడవళ్ళు కూడా రావడం లేదట. దాగలి పోతే కొలిమి పోయినట్టే. ఊరి మీద, ఆ టీ కొట్టాయన మీద, ఇన్నేళ్ళూ పేరైనా తెలుసుకోని నా మీద కోపం ముంచుకొచ్చింది. దాగలిని నేనే కొంటాను, జర్మనీలో ఇలాంటివి అద్దాల బీరువాల్లో దాచి చూపిస్తారని ఆవేశపడ్డాను.

ఆయన గొంతు పెంచలేదు. "అద్దాల్లో పెట్టేదానికైతే పాత ఇనుమోడే నయం. వాడు కరిగించి ఇంకోటన్నా చేయిస్తాడు. చేతనైతే పని పట్రా."

తిరుగు బస్సులో ఆ మాటే తలచుకుంటూ వచ్చాను. జర్మనీలో నేను మెచ్చుకోవాల్సింది వాళ్ళ ఇనుమును కాదు. పాడైన వస్తువును వాళ్ళు మళ్ళీ దుకాణానికి పట్టుకెళ్తారు, అందుకే ఆ దుకాణం ఇంకా తెరిచి ఉంది. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. మర్నాడు నరసరావుపేటలో మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి, అటకల మీద పడేసిన కత్తిపీటలు, కొడవళ్ళు పదకొండు పోగుచేసి ఆటోలో తీసుకెళ్ళాను. ఆయన దాగలిని మళ్ళీ దాని చోటికి జరిపించి కొలిమి రాజేశాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళు పదింటిలోపు చేరుకోండి, ఎండెక్కాక ఆయన పని చెయ్యడు. మొద్దుబారిన కత్తి ఒక్కటైనా లేకుండా, ఊరికే చూసి రావడానికైతే మాత్రం వెళ్ళకండి. పాత ఇనుము వాళ్ళను ఆయన రావద్దనలేదు. వచ్చే నెల రమ్మన్నాడు.